కారు మెఱుపునకు ఏ పాలిషు?

(కళుగుమలైలో మన సంఘసభయందు చేసిన ప్రసంగపాఠము)



ఆయుధపూజ సమీపించుచున్నది. మన యిండ్లలోని కార్లను, మోటారు సైకిళ్లను, లారీలను, ట్రాక్టర్లను కడిగి, చందనము కుంకుమ పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచు దినము వచ్చుచున్నది. ఆ దినమునకు ముందు వారమంతయు అంగళ్లలో పాలిషు డబ్బాలకు గిరాకి హెచ్చు. వచ్చినవారిలో నూటికి తొంబదిమంది "అన్నిటికంటె గట్టిది ఇయ్యండి" అని అడుగుదురు. గట్టిది ఏది అని అడుగుటకు మునుపు, తోమబోవు వస్తువు ఏది అని అడుగవలెను. ఈ ఒక్క సంగతి మనవి చేయుటకే ఈ సాయంకాలము మీ యెదుట నిలిచితిమి. వర్తకులము గనుక డబ్బా అమ్ముడగుట మాకును ఇష్టమే. అయినను ఏ బండికి ఏది తగునో చెప్పక చేతికిచ్చి పంపుట మాకు నచ్చదు.

మన తల్లులకు ఈ విద్య చిరకాలముగా తెలిసినదే. ఇత్తడి కుందులను, రాగి చెంబులను చింతపండుతో తోముదురు. అవి నిమిషములో బంగారమువలె వెలుగును. చింతపండులో టార్టారిక్ ఆమ్లమున్నది. రాగిపైనను ఇత్తడిపైనను పట్టిన చిలుమును అది కరగించును. కాని కళాయి పోసిన గిన్నె లోపలివైపును అదే తల్లి ఇటుకపొడితో రాచునా? రాచదు. మెత్తని బూడిదతో పైపైన కడిగి బోర్లించును. కోడలు తెలియక గట్టిగా తోమబోయినచో "కళాయి పోవునమ్మా" అని వారించును. చెంబు లోపల వెలుపల ఒకే లోహము. ఎంత తోమినను క్రింద మరల రాగియే యుండును. గిన్నె లోపల నున్నది పలుచని తగరపు పూత. అది పోయిన పిదప పులుసునకు కిలుము పట్టును. కారు బంపరు ఈ కళాయి గిన్నె జాతికి చెందినది. దానిని రాగిచెంబని తలచి తోముటవలననే మన ప్రాంతమున ఎన్నో మంచి బండ్లు చెడినవి.

ఆ పూత సంగతి కొంచెము వివరింతుము. మొదటికాలపు కార్లకు దీపములు, కొమ్ము, రేడియేటరు చట్రము అన్నియు ఇత్తడివే. వానిని దినదినము తోమువాడొకడు ఉండవలసినదే. తరువాత నికెల్ పూత వచ్చెను. అదియు కొన్నాళ్లకు పసుపుఛాయకు తిరిగి మబ్బు పట్టెడిది. క్రోమియమును 1797లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు వోక్లాఁ కనుగొనియుండినను, విద్యుత్తుతో దానిని నిలకడగా పూయు పద్ధతి 1920ల నడుమ న్యూయార్కు నగరపు కొలంబియా విశ్వవిద్యాలయమున కుదిరినది. ఆ పదియేండ్లు ముగియునప్పటికే అమెరికా కార్లలో అనేకము ఈ క్రొత్త వన్నెతో మెఱయసాగినవి. మన యూళ్లకు అంబాసిడరు, ఫియట్టు, మదరాసులో చేసిన స్టాండర్డు హెరాల్డు వచ్చునాటికి బంపరు, తలుపుపిడి, దీపపు వలయము అన్నియు క్రోమియమే. 1955 నుండి మదరాసులో తయారగుచు వచ్చిన బుల్లెట్టు మోటారు సైకిలును మీలో అనేకులు ఎరుగుదురు.

మీరు చూచు ఆ వెండివన్నె యెంత మందమో ఆలోచించితిరా? బంపరు ఉక్కుది. దానిపై నికెల్ పొర 10 మొదలు 30 మైక్రాన్ల వరకు ఉండును. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. నికెల్ మీద క్రోమియము సాధారణముగా అరమైక్రాను లోపలనే. తలవెండ్రుక మందములో నూటవ వంతు కూడ లేదన్నమాట. తుప్పు రాకుండ కాచుపని చాలవరకు నికెల్ చేయుచున్నది. గీతపడకుండ, మబ్బు పట్టకుండ కాచుపని క్రోమియముది. మన వెట్టువాన్ కోవెలను కొండపైనుండి క్రిందికి తొలిచిన పాండ్యులనాటి శిల్పి, ఒకసారి రాలిన రాయి మరల అతుకదని ఎరిగి ఉలి పట్టెను. పాలిషు గుడ్డ పట్టువారికి ఆ యెఱుక కొంత యున్న చాలును.

ఇంకొక విశేషము. క్రోమియమునకు చిలుము పట్టదు. గాలి తగిలిన క్షణముననే కంటికి కానరాని ఆక్సైడు పొర ఒకటి ఏర్పడి దానిని కాపాడును. ఇత్తడివలె నల్లబడదు, వెండివలె మసి పట్టదు. అట్లయిన బంపరు మబ్బుగా ఏల కనబడును? దుమ్ము, తారు, డీజిలు పొగ, ఉప్పునీటి మరకలు. ఇవన్నియు పైన అంటుకొన్నవే; లోహము చెడినది కాదు. కావున వానిని తీయుటకు కావలసినది సబ్బునీరు. మన కరిసల్ భూమిలో ఎండకాలపు దుమ్ము సన్నని ఇసుకతో కూడినది. పొడిగుడ్డ పట్టి ఆ దుమ్మును తుడుచుటయే ఉప్పుకాగితముతో రాచుట. ముందు నీరు ధారగా పోయవలెను. పిదప మెత్తని సబ్బునీటితో కడుగవలెను. ఆ పిదప మరల మంచినీరు పోసి వెంటనే తడి లేకుండ అద్దవలెను. మన బావినీరు ఉప్పన గనుక ఎండలో ఆరనిచ్చిన తెల్లమచ్చలు నిలుచును. ఆ మచ్చలకు వినెగరు కలిపిన నీటితో తడిపిన గుడ్డను ఒక్క నిమిషము అద్ది కడిగివేసిన చాలును.

ఇక డబ్బాల విషయము. మన దేశమున ప్రతి యింటికి, ప్రతి పోలీసు ఠాణాకు తెలిసిన పేరు బ్రాసో. 1905 ప్రాంతమున ఇంగ్లండులోని హల్ నగరపు రెకిట్ సంస్థ దీనిని ఆరంభించినది. పేరులోనే ఇత్తడి యున్నది. కిరసనాయిలు జాతి ద్రవము, అమోనియా, మెత్తని సిలికా పొడి, ఇవి దానిలోని ముఖ్యాంశములు. అమోనియా రాగి చిలుమును కరగించును. సిలికా దానిని రాచివేయును. ఇత్తడి బొత్తామునకు, కుందికి, తలుపు గడియకు ఇంతకు మించినది లేదనియే మా అనుభవము. క్రోమియము మీద కరగింపవలసిన చిలుమే లేదు గనుక అమోనియాకు పని లేదు. మిగిలిన సిలికా మాత్రము ప్రతిపర్యాయము పూతను ఇంత యింత తినివేయును. ఒకటి రెండు సార్లకు తెలియదు. ఏండ్ల తరబడి సాగిన పిదప తెలియును.

మనవారిలో ఒక పెద్ద కుటుంబమున తండ్రిగారు కొన్న అంబాసిడరు ఒకటి నేటికిని నడచుచున్నది. ప్రతి శుక్రవారము ఇత్తడి పాలిషుతో దానిని తోముట ఆ యింటి డ్రైవరు నియమము. భక్తిగా, శ్రద్ధగా, ముప్పదియేండ్లు తోమెను. ఇప్పుడు ముందు బంపరు అంచులయందును, దీపపు వలయముల పైభాగమునందును లేతపసుపు చారలు కనబడును. క్రింది నికెల్ అది. చేయి సులువుగా అందని వెనుకభాగములు మాత్రము నేటికిని నీలివెండిగా నున్నవి. శ్రద్ధ తగ్గిన చోటనే వన్నె నిలిచినది! ఆ డ్రైవరును తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. అతనికి ఎవ్వరును చెప్పలేదు. డబ్బా వెనుక ఇంగ్లీషు చిన్నయక్షరములలో నున్న సంగతి అతనికి చదివి వినిపించినవారు లేరు. మన సంఘపత్రికలో ఇట్టి విషయములు తెలుగున రావలెనని మేము పట్టుపట్టుటకు ఇదియు ఒక కారణము.

అమోనియాను గూర్చి ఇంకొక మాట. ఆంగ్లేయుల కాలమున మన దేశమున సైన్యపు తూటాలను వానకాలమందు గుఱ్ఱపుశాలలలో దాచెడివారు. వానలు వెలిసి తీసిచూడగా ఇత్తడి గొట్టములు పగిలియుండెడివి. గుఱ్ఱపు మూత్రమునుండి పుట్టిన అమోనియా ఆవిరి, బిగువులో నున్న ఇత్తడిని చీల్చునని 1921లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఒక్క తోముడుతో కొమ్ము పగులునని దీని భావము గాదు. ఇత్తడి వస్తువును అట్టి పాలిషుతో తోమినపుడు సందులలో తెల్లగా పేరుకొన్న పిండిని అట్లే విడువక సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెనని మాత్రమే మా మనవి. వంపులు తిరిగిన రబ్బరుబంతి కొమ్ములు ఇంట భద్రపరచినవారు ఇది ముఖ్యముగా గమనింపవలెను.

లోహమును గుర్తించుటెట్లు? ఒక చిన్న అయస్కాంతము చాలవరకు సాయపడును. బంపరునకు గట్టిగా అంటుకొన్నచో అది ఉక్కుపై పూత. అంటనియెడల అల్యూమినియమో, స్టెయిన్‌లెస్ స్టీలో, ఇత్తడియో, జింకు పోతయో, లేక ప్లాస్టిక్కో కావలెను. స్టెయిన్‌లెస్ స్టీలులోను అయస్కాంతము నంటు రకములున్నవి గనుక దీనినొక్కదానినే నమ్మరాదు. గోటితో తట్టి చూడుడు: ప్లాస్టిక్కు బోలుగా మ్రోగును, తాకిన చల్లగా ఉండదు. పాతకార్ల తలుపుపిడులు, పేరు బిళ్లలు తరచుగా జింకు పోతలు. వానిపై చిన్న బొబ్బలు లేచియున్నచో లోపల జింకు చెడుచున్నదని తెలియవలెను. ఆ బొబ్బలపై పాలిషు రాచిన పొర చిట్లి గుంట పడును. వానిని కదపకుండ కడిగి మైనము పూయుటయే మేలు.

అల్యూమినియము కథ వేఱు. పూత లేని అల్యూమినియమును పాలిషు చేయవచ్చును. గుడ్డ వెంటనే నల్లబడును, దానికి భయపడ నక్కరలేదు. మెత్తని ముద్దగా వచ్చు పాలిషు, జర్మనీ దేశపు సోలింగెన్ నగరమున తయారగు ఆటోసాల్ వంటిది, దీనికి తగును. గుడ్డ నల్లబడనియెడల పైన పారదర్శకమైన లక్కపూత యున్నదనియో, విద్యుత్తుతో గట్టిపరచిన అనొడైజు పొర యున్నదనియో గ్రహించి అక్కడనే ఆగవలెను. నేటి కార్ల అల్లాయి చక్రములలో అధికభాగము లక్కపూతవే. అట్టి చక్రమును పాలిషుతో రాచి లక్క తీసివేసినచో నాలుగుదినములు అద్దమువలె మెఱసి, ఒక వానకాలము గడచునంతలో తెల్లని పురుగుచారలు పట్టును. అల్యూమినియమునకు చాకలిసోడా, కాస్టిక్ సోడా పరమశత్రువులు. వంటింటి జిడ్డు తీయు గట్టి ద్రావకములను దాని దరికి రానీయరాదు.

క్రొత్తకార్ల ముందుజాలి, పేరక్షరములు, కిటికీ అంచులు మెఱయుచున్నను వానిలో అనేకము ప్లాస్టిక్కుపై పూసినవి. వానికి ఏ పాలిషును వలదు. సబ్బునీరు, మెత్తనిగుడ్డ. ఇంతే. కుఱ్ఱవాండ్రు దీనిని విని నవ్వుదురు. లక్షలు పోసి కొన్న బండికి సబ్బునీరేనా అందురు. అవును, సబ్బునీరే.

స్టెయిన్‌లెస్ స్టీలు 1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ కనుగొన్నది. లారీల అలంకారపు రేకులు, కొన్ని బండ్ల చక్రపు మూతలు దీనితో చేయుదురు. లోపల వెలుపల ఒకటే లోహమగుటచే దీనిని నిర్భయముగా మెఱుగుపెట్టవచ్చును. గీతలున్న దిక్కుననే తుడువవలెను. ఇనుపపీచు మాత్రము వాడరాదు. దాని తునుకలు రేకులో చిక్కి తుప్పుపట్టి, మంచి ఉక్కే తుప్పుపట్టినదను అపవాదు తెచ్చును. తూత్తుకుడి ఉప్పళముల నుండి ఉప్పు తోలు లారీల యజమానులకు ఒక విన్నపము: ఇంటికి చేరిన దినమే నీరు పోయించుడు. స్టెయిన్‌లెస్ అను పేరున్నను ఉప్పు దానిలో సూదిమొన గుంటలు చేయును. క్రోమియము పూతలోని కానరాని సందులద్వారా దిగి క్రింది ఉక్కును తినుటయు ఉప్పునకు అలవాటే.

ఆమ్లముతో కడుగుట అను దురభ్యాసము ఇటీవల కడుగుడు కొట్లలో వ్యాపించినది. హైడ్రోక్లోరిక్ ఆమ్లము, అనగా మరుగుదొడ్డి కడుగు ద్రావకములలో నుండునది, క్రోమియమును కరగించును. పది నిమిషములలో మురికి పోవునుగాని దానితో పూతయు పోవును. ఎవ్వరెంత చౌకగా చేసెదమన్నను ఒప్పుకొనకుడు.

తుప్పు మచ్చలు వచ్చిన బంపరు మాటేమని అడుగుదురు. వంటింటిలో తినుబండారములు చుట్టు అల్యూమినియము రేకు మీకు తెలియును. దానిని నలిపి ఉండచేసి, నీట తడిపి, మచ్చపై తేలికగా రుద్దుడు. అల్యూమినియము క్రోమియముకంటె ఎంతో మెత్తనిది గనుక పూతకు గీత పడదు. ఎఱ్ఱని తుప్పు మాత్రము ఊడివచ్చును. పిదప కడిగి, ఆరబెట్టి, కారు మైనము పూసి మెత్తని గుడ్డతో తుడువవలెను. బ్రెజిలు దేశపు కార్నౌబా తాటియాకుల నుండి తీయు మైనము దీనికి ప్రసిద్ధము. నీరు ఆ సూక్ష్మరంధ్రములలో దిగకుండ అది కొన్ని వారములు కాచును. ఎక్కువకాలము షెడ్డులో నిలిపియుంచు బండికి వాసెలిను పలుచగా పూసినను మంచిదే. ఇది ప్లాస్టిక్కు పూతలకు చెప్పిన వైద్యము గాదని మరువకుడు.

"పూత పోయిన మరల వేయించుకొందము" అనువారు కలరు. మధురలోను, కోయంబత్తూరులోను పూత వేయువారున్నారు, నిజమే. కాని మంచి పూత అనగా పాతపూత తీసి, ఉక్కును మరల నునుపుచేసి, రాగి, నికెల్, క్రోమియము క్రమముగా వేయవలెను. నునుపుచేయుటలో అక్షరముల అంచులు మొద్దుబారును. చౌకగా చేయువారు నికెల్ పొరను పలుచచేయుదురు. రెండు వానకాలములకు తుప్పు తిరిగి వచ్చును. అంబాసిడరు తయారి 2014లో నిలిచినది. పద్మిని అంతకు ముందే నిలిచినది. స్టాండర్డు సంస్థ ఎన్నడో మూతపడినది. ఆనాటి అసలు భాగము ఒకటి పాడయినచో క్రొత్తది తెచ్చుట యెట్లు?

ఖర్చునకు మించిన కారణము ఒకటున్నది. బండిపై నున్న క్రోమియము నిరపాయమైనదే. కాని పూత తొట్టిలో వాడు రూపము ఘోరవిషము. ఊపిరితిత్తుల క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1990లో తేల్చినది. ఐరోపా సమాఖ్యలో 2017 నుండి ప్రత్యేకానుమతి లేక ఈ ద్రవమును వాడరాదు. మన రాష్ట్రమున రాణిపేటలో, 1990ల నడుమ మూతపడిన ఒక క్రోమేటు కర్మాగారము లక్ష టన్నులకు మించిన విషపు మట్టిని విడిచిపోగా, అక్కడి భూగర్భజలము చెడినది. ఇప్పుడున్న పూత మన చేతిలో ఇంకొక యిరువదియేండ్లు నిలిచినచో ఆ తొట్టి దగ్గర నిలుచు కూలివాని ఊపిరికి అంత మేలు.

ఇక ఆయుధపూజనాటి చిన్న సంగతులు. చందనము కుంకుమలను మెఱుపు భాగములపై దట్టముగా పెట్టి వారము దినములు ఉంచెదరు. మరునాడే తడిపి మెత్తబరచి తీయుడు, ఎండినదానిని గోటితో గీకరాదు. నిమ్మరసము అల్యూమినియముపై చిందినచో వెంటనే కడుగుడు. పెండ్లిబండికి పూలు కట్టుటకు అతికించు బంకపట్టీల మరకలను కిరసనాయిలు అద్దిన గుడ్డతో తీసి సబ్బుతో కడుగవచ్చును. పాలిషు గుడ్డలను, కిరసనాయిలు గుడ్డలను కుప్పగా పడవేయక ఆరుబయట విప్పి ఆరవేయుడు. అగ్గిపెట్టెలకు పేరొందిన కోవిల్పట్టి ప్రక్కన నివసించు మనకు నిప్పును గూర్చి ఎక్కువగా చెప్పనక్కరలేదు.

మొన్న ఒక పెద్దమ్మగారు దేవాలయ వాహనపు వెండి తొడుగును ఇదే కారు పాలిషుతో తోమవచ్చునా అని అడిగిరి. తోమరాదు. కొయ్యపై తొడిగిన పలుచని రేకు అది. తోమిన కొలది దానిపై తీర్చిన పూలు, కన్నులు, ముక్కు అరిగిపోవును. ఆ పని తెలిసిన కంసాలిని పిలిపించుటయే తగును.

ఒక చిన్న అయస్కాంతమును, పూత పోయిన ఒక పాత దీపపు వలయమును, పూత చెడని మరియొక వలయమును ఇక్కడ బల్లమీద ఉంచినాము. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి కిటికీ వెలుతురున చూచినచో పసుపుఛాయకు నీలిఛాయకు గల భేదము కంటికి తెలియును. చూడదలచినవారు ముందునకు రావచ్చును. ప్రశ్నలున్నవారు ఇప్పుడే అడుగవచ్చును.